ఫారిన్ కోచ్‌ని తెస్తే ముందు మా పట్టపుపాలేనికి తీసుకురండి

పొద్దున జరిగింది. ఇప్పుడు రాత్రి పదైంది, ఇంకా కోపం దిగలేదు. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. పెద్ద పోస్టు, ఓపికున్నవాళ్ళు చదవండి.

కావలి దగ్గర స్కూల్లో డ్రిల్లు మాస్టర్ని నేను, వేటకు పోయేవాళ్ళ ఊరు పట్టపుపాలెం పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తాను. మా గోల్‌కీపర్ వెళ్ళిపోతున్నాడు. ఎనిమిదో తరగతి పిల్లాడు. రెండేళ్ళుగా పొద్దున అయిదున్నరకల్లా గ్రౌండ్‌లో ఉండేవాడు, చాలా రోజులు నాకంటే ముందే. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకు పోయే మనిషి. ఇవాళ ఆయనే స్కూలుకొచ్చి, "సార్, పిల్లోణ్ణి నెల్లూరులో అకాడమీలో వేస్తుండా, టీసీ కావాల" అన్నాడు. ఎందుకు అబ్బయ్యా అని అడిగితే తల దించుకున్నాడు. "మీరు బాగానే చెప్తారు సార్, కాదనను. ఆడ ఫారిన్ కోచ్ ఉండాడంట."

హాస్టల్‌తో కలిపి ఏడాదికి ఎనభై వేలంట. ఆ ఫారిన్ కోచ్ ఏడాదికి రెండుసార్లు వచ్చి పదేసి రోజులుంటాడంట. ఫ్లెక్సీలో మాత్రం ఆయన ఫొటోనే అందరికంటే పెద్దది. మొదటి విడత కట్టడానికి ఇంట్లో ఆమె మెడలో గొలుసు కుదవ పెట్టారు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు ఎలా ఉందో నేను రాయలేను.

సరే, తండ్రి ఆశపడ్డాడు, ఆయన మీద నాకు కోపం లేదు. మనసు బాగాలేక ఇంటర్వెల్‌లో టీ బంకు దగ్గరికి పోతే అక్కడ ఇంకొకడు తగిలాడు. నా దగ్గర చదువుకున్న పిల్లాడే. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం, రాత్రిళ్ళు మేలుకుని ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్‌లు చూస్తాడు. సంగతి విని, "మంచి పని చేశాడు సార్. మన ఇండియా టీం సంగతి చూడండి, మనవాడు ఖాలిద్ జమీల్‌ని కోచ్‌గా పెట్టారు, ఏమైంది? ఢాకాలో బంగ్లాదేశ్ మీద ఓడారు. మనోళ్ళకి మనోళ్ళు చెప్తే ఎక్కదు సార్" అన్నాడు. నా ముందు నిలబడి, నేను కొనిచ్చిన టీ తాగుతూ అన్నాడు.

మనోళ్ళకి మనోళ్ళు చెప్తే ఎక్కదా?

ఒరే నాయనా, లెక్క సరిగా చూడు. ఖాలిద్ జమీల్‌ని 2025 ఆగస్టులో పెట్టారు. పదమూడేళ్ళ తర్వాత సీనియర్ టీంకి ఒక భారతీయుడు కోచ్ కావడం అదే మొదటిసారి. ఆయన వచ్చేసరికే ఆసియా కప్ క్వాలిఫయర్లలో రెండు మ్యాచ్‌లు అయిపోయాయి. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో గోల్ లేకుండా డ్రా, హాంకాంగ్‌లో ఓటమి. రెండు మ్యాచ్‌లకి ఒక్క పాయింటు. సగం నీళ్ళు ఎక్కిన పడవని చేతికిచ్చి ఒడ్డుకు తెమ్మన్నారు. అయినా వచ్చిన కొన్ని వారాల్లోనే సెంట్రల్ ఆసియా వాళ్ళ టోర్నీలో తజికిస్తాన్‌ని ఓడించి, ఒమన్‌ని పెనాల్టీల్లో ఓడించి టీంని మూడో స్థానంలో నిలబెట్టాడు. అది ఎవరికీ గుర్తులేదు. గోవాలో సింగపూర్ మీద 2-1తో ఓడింది గుర్తుంది, ఢాకా గుర్తుంది.

ఆ ముందు రెండు మ్యాచ్‌లకి కోచ్ ఎవరు? స్పెయిన్ ఆయన, మనోలో మార్కెజ్. ఆయన్ని నేను ఒక్క మాట అనను. మన హైదరాబాద్ టీంకి 2022లో ఐఎస్ఎల్ (మన దేశపు పెద్ద క్లబ్బుల లీగ్) కప్పు తెచ్చిపెట్టిన మనిషి. ఎలా తెచ్చాడు? సీజనంతా రోజూ కుర్రాళ్ళతో ఉన్నాడు. ఎవరి కాలు ఎప్పుడు బరువెక్కుతుందో తెలుసుకున్నాడు. అదే మనిషికి ఇండియా టీంని ఇచ్చినప్పుడు ఏం చేశారు? ఒకవైపు గోవా క్లబ్బు, ఇంకోవైపు దేశం, రెండూ ఒకేసారి చూడమన్నారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టించారు. ఏడాదిలో ఒక్కటే గెలుపు, అది మాల్దీవులతో ఆడిన స్నేహ మ్యాచ్. కోచ్ పాస్‌పోర్టు మారలేదు, బుర్ర మారలేదు. పిల్లలతో గడిపే రోజులు తగ్గిపోయాయి, అంతే. నేను మొత్తుకునేది కూడా అదే.

నాకు ఇంకో మనిషి పేరెత్తితే ఒళ్ళు పులకరిస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం. మన హైదరాబాద్ వాడు, బడి పంతులు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం ఇప్పించాడు. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌కి టీంని తీసుకెళ్తే యుగోస్లావియా 10-1తో చితక్కొట్టింది. మనవాళ్ళలో చాలామంది అక్కడ ఉత్త కాళ్ళతో ఆడారు. పది గోల్స్! ఇప్పుడైతే ఆ రాత్రికే కోచ్‌ని పీకేసి, యూరప్ నుంచి ఎవరిని తెద్దామని చర్చ పెట్టేవాళ్ళు. అప్పుడు మళ్ళీ ఆయన్నే నమ్మారు. బూట్లు తప్పనిసరి చేశారు. ఆయన పిల్లల చేత బలం లేని కాలితో ఆడించాడు, డ్రిబ్లింగ్ లేకుండా పాసులతోనే నడిచే టోర్నీలు పెట్టించాడు. నాలుగేళ్ళకు మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఆతిథ్య ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీస్‌కి పోయారు, నాలుగో స్థానంలో నిలిచారు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి మళ్ళీ బంగారు పతకం. జర్నైల్ సింగ్ తలకు కుట్లతో ఆడి గోల్ కొట్టిన మ్యాచ్ అది. అప్పటికే రహీం గారిని క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో పోయారు. అంతే, ఆ తర్వాత మనకు ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారం లేదు.

ఇది మనోళ్ళు చెప్తే మనోళ్ళకి ఎక్కడం కాదా?

నేను గుడ్డిగా పరాయి కోచ్‌లని తిట్టేవాణ్ణి కాదు. బాబ్ హౌటన్ ఉన్నప్పుడు 27 ఏళ్ళ తర్వాత 2011 ఆసియా కప్ ఆడాం. స్టీఫెన్ కాన్‌స్టంటైన్ ఉన్నప్పుడు 2017లో ర్యాంకు వంద లోపలికి వచ్చింది, 2019లో థాయిలాండ్‌ని 4-1తో కొట్టాం. ఆ రాత్రి నేను వీధిలో స్వీట్లు పంచాను. కానీ వీళ్ళు వెళ్ళాక ఏం మిగిలింది? 2025 చివరికి ర్యాంకు 142. సరంగు మంచివాడైతే ఒక్క తుఫానుకి తప్పించుకోవచ్చు. అడుగు చెక్క పుచ్చిపోయి ఉంటే ఏ దేశపు సరంగుని పెట్టినా ఎన్నాళ్ళు నడుస్తుంది పడవ?

కొరియా కథ కూడా నాకు బాగా తెలుసు. 2001 జనవరిలో డచ్ ఆయన గూస్ హిడింక్ వచ్చాడు. ఆ ఏడే ఫ్రాన్స్ మీద 5-0, చెక్ రిపబ్లిక్ మీద 5-0 ఓడారు. జనం ఆయనకు "అయిదు సున్నా" అని పేరే పెట్టారు. అయినా తీసెయ్యలేదు. 2002 ప్రపంచ కప్‌లో సెమీస్ దాకా తీసుకెళ్ళాడు. అక్కడ వయసులో పెద్దవాణ్ణి మర్యాద పెట్టకుండా పిలవకూడదు. హిడింక్ గ్రౌండ్‌లో ఆ మర్యాదలు మానిపించాడు. చదివి నేను దెబ్బ తిన్నట్టు కూర్చున్నాను, ఎందుకంటే మా దగ్గరా అదే జబ్బు. తొమ్మిదో తరగతి వాడికి ఎదురుగా ఖాళీ కనిపిస్తుంటే, పదో తరగతి వాణ్ణి పేరు పెట్టి అరవడు. "అన్నా... అన్నా..." అంటాడు, ఆ రెండో అన్నా అనేలోపు బంతి పోతుంది. అప్పటినుంచి మా గ్రౌండ్‌లో గీత దాటి లోపలికొస్తే అన్న లేడు, తమ్ముడు లేడు. అది పరాయివాడి దగ్గర నేర్చుకున్నాను, గర్వంగా చెప్తాను.

కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం అని ఆ పరాయి కోచ్‌కి ఎవరు చెప్తారు? ఆ రెండు నెలలు పట్టపుపాలెంలో చేతిలో డబ్బులాడవు. పిల్లలు పరుగెత్తే తీరే మారిపోతుంది. రెండో రౌండుకే నడుము మీద చేతులు పెట్టుకుంటారు. కొత్తగా వచ్చినవాడు చూస్తే బద్ధకం అంటాడు. నేను ఆ నెలల్లో పరుగు తగ్గించి బంతి పని ఎక్కువ పెడతాను, సెలవులైనా సరే రోజూ గుడ్లు ఉడకబెట్టి తీసుకెళ్తాను. ఇసకలో ఉత్త కాళ్ళతో ఆడి పెరిగిన పిల్లలు వీళ్ళు. బంతి మీద వాళ్ళ కాలు ఎంత మెత్తగా పడుతుందో చూడాలి మీరు. గట్టి నేల మీద బూట్లు వేస్తే మొదటి మూడు నెలలు సొంత కాళ్ళే వాళ్ళ మాట వినవు. అప్పుడు ఓపిక పట్టేవాడు కావాలి. పదిరోజులుండి పోయేవాడు ఏం ఓపిక పడతాడు?

నాకు ఎందుకింత మంట అంటే, చెప్తాను. ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక సెలక్షన్ క్యాంపుకి పోయాను. వేరే రాష్ట్రంలో. లెఫ్ట్ బ్యాక్ ఆడేవాణ్ణి. కోచ్ మన భాష మనిషి కాదు, అంతా ఇంగ్లీషే. రెండో రోజు మ్యాచ్‌లో బంతి నా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన గీత బయటినుంచి "హోల్డ్! హోల్డ్!" అని అరిచాడు. పట్టుకో అంటున్నాడనుకున్నాను. బంతి వదలకుండా పట్టుకున్నాను. ఇద్దరు వచ్చి లాక్కుపోయారు. మళ్ళీ అరిచాడు, మళ్ళీ పట్టుకున్నాను. నీ చోటు వదలొద్దు, ముందుకు పోవద్దు అని ఆయన భావం. అది నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత, నేను వ్యాయామ విద్య చదివేటప్పుడు. ఆ రోజు ఆయన దృష్టిలో నేను మాట వినని మొండివాణ్ణి. మూడో రోజు పొద్దున్నే లిస్టులో నా పేరు లేదు. రైల్లో కావలి దాకా నిలబడే వచ్చాను. మా నాన్నకి కాలు బెణికిందని అబద్ధం చెప్పాను. నాన్న పోయారు, ఇప్పటికీ ఆయనకు నిజం తెలియదు.

ఒక్క ముక్క తెలుగులో చెప్పే మనిషి ఆ గీత పక్కన ఉంటే చాలు. ఒక్క ముక్క.

దేశం టీంలో పిల్లలు చదువుకున్నవాళ్ళు, వాళ్ళకి ఇంగ్లీషు వస్తుంది అంటారు. మణిపూర్ కొండల నుంచి, మిజోరం నుంచి, కేరళ నుంచి, బెంగాల్ నుంచి వస్తారు వాళ్ళు. ఇంగ్లీషు అర్థం కావడం వేరు, ఓడిపోయిన రాత్రి గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు నీకేమైందిరా అని అడిగే గొంతు వేరు. 1930 నుంచి 2022 దాకా 22 ప్రపంచ కప్పులు జరిగాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా పరాయి దేశపు కోచ్ ఉన్న టీం గెలవలేదు. అన్నీ సొంత దేశం వాళ్ళే.

మరి ఫారిన్ వాళ్ళు అసలొద్దా? కావాలి. ఎక్కడ కావాలో చెప్తాను. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ గారిది మా వైపే, నాగండ్ల. పుట్టినప్పుడు ప్రకాశం జిల్లా, 2022లో జిల్లాలు విడగొట్టాక బాపట్ల జిల్లా. ఎక్కడైనా కానివ్వండి, మా వైపు మనిషి. సింధుని చిన్నప్పటినుంచి చెక్కి 2016లో రియోలో వెండి పతకం దాకా తెచ్చింది ఆయన. టోక్యోలో కంచు గెలిచినప్పుడు సింధు పక్కన కొరియా కోచ్ ఉన్నాడు, నిజమే. గుంటూరు కుర్రాడు కిడాంబి శ్రీకాంత్ 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు కొట్టినప్పుడు ఇండోనేషియా కోచ్ ముల్యో హండోయో ఉన్నాడు, అదీ నిజమే. కానీ ఆ పిల్లలు పునాది పడ్డాక పరాయివాడి దగ్గరికి వెళ్ళారు. ఆ పునాది వేసింది మన భాషలో తిట్టి, మన భాషలో బుజ్జగించిన మనిషి.

అందుకే అంటున్నాను. ఫారిన్ కోచ్‌కి ఇచ్చే డబ్బుంటే, సీనియర్ టీం బెంచీ మీద కూర్చోబెట్టడానికి ఖర్చు పెట్టకండి. జిల్లాకి ఒకణ్ణి తీసుకురండి. నాలాంటి డ్రిల్లు మాస్టర్లకి నేర్పించండి. ఏడాదంతా మా పక్కన ఉండమనండి. పన్నెండేళ్ళ పిల్లాడు గోల్‌లో ఎలా పడాలి, మోచెయ్యి ఎక్కడ పెట్టాలి, నాకే సరిగ్గా తెలియదు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుని చెప్తున్నాను. నాకు నేర్పండి, కాళ్ళు పట్టుకుని నేర్చుకుంటాను. మా పాలెంలో ఎంతమంది పిల్లలున్నారో చూపిస్తాను.

చూపించడానికి గ్రౌండ్ ఉంటే. పోయిన నెల సభ ఒకటి జరిగింది, ఎవరిదో రాయను. టెంట్ల కోసం మా గ్రౌండ్ నిండా గుంటలు తవ్వారు. వాటిని పూడ్చింది నేనూ మా గోల్‌కీపరూ, రెండు ఆదివారాలు, తట్టతో ఇసక మోసి. సామాను లారీ వెనక్కి తీస్తూ గోల్‌పోస్టు కర్ర విరగ్గొట్టింది. అడిగితే, "కర్రే కదా సార్" అన్నారు. ఆ కర్ర పక్కనే వాడు రెండేళ్ళు నిలబడ్డాడు.

సాయంత్రం వాడు ప్రాక్టీసుకి వచ్చాడు. శనివారం హాస్టల్‌కి పోవాలంట. ఆడరా అని నేను చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు. గంటసేపు ఒకే వైపు కర్రతో, రెండో వైపు చెప్పుల జత పెట్టుకుని కీపింగ్ చేశాడు. వెళ్ళేటప్పుడు, "సార్, ఆడ తెలుగులో చెప్తారా?" అని అడిగాడు. చెప్తార్రా అన్నాను. నాకు తెలియదు.

శుక్రవారం వాడికి ఇక్కడ ఆఖరి మ్యాచ్ పెట్టాను, పదో తరగతి వాళ్ళతో. రెండు కర్రల మధ్య నిలబడి ఆడాలి వాడు. కావలి చుట్టుపక్కల ఎవరి తోటలోనైనా సర్వి (సరుగుడు) చెట్లు కొడుతుంటే ఒక్క మాట చెప్పండి. పదడుగుల కర్ర ఒక్కటి చాలు, రెండడుగులు పాతినా సరిపోతుంది. డబ్బులిచ్చి తీసుకుంటాను. గురువారం సాయంత్రంలోపు కావాలి.