ముందు కుక్క సంగతి చెప్పండి

క్రైమ్ థ్రిల్లర్ సిరీస్ చదివేవాళ్ళకి కావలసిందల్లా హంతకుడెవరో తెలియడమేనని లోకంలో ఒక అపోహ ఉంది. దీన్ని నమ్మి రచయితలు పాపం నాలుగొందల పేజీల పాటు హంతకుణ్ణి దాచడానికే నానా చావూ చస్తున్నారు. ఈ విషయం మీద నేను ముప్పై ఏళ్ళుగా, ఎవరూ అడక్కపోయినా, పరిశోధన చేస్తున్నాను. ఫలితాలు ప్రజల ముందు పెట్టక తప్పని పరిస్థితి వచ్చింది.

పరిశోధన మదనపల్లెలో మొదలైంది. అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవల ఒకటి తెచ్చుకున్నాను. అట్ట తిప్పగానే, నాకంటే ముందు చదివిన పుణ్యాత్ముడెవరో హంతకుడి పేరు నీలం బాల్‌పెన్నుతో రాసి, కింద రెండు గీతలు కూడా గీసి ఉంచాడు. అర్ధరూపాయి అద్దె గంగలో కలిసిందని ఏడవాలి కదా? ఏడవలేదు. ఆ రాత్రి కరెంటు పోతే కొవ్వొత్తి పెట్టుకుని మరీ చదివాను. యుగంధర్, రాజు తంటాలు పడుతుంటే, పాపం వీళ్ళకింకా తెలీదే అని జాలిపడుతూ చదివాను. మర్నాడు వెళ్ళి ఇంకోటి తెచ్చుకున్నాను. అందులో కూడా రాసి ఉందేమోనని ముందు అట్ట తిప్పి చూశాను. లేదు. కొంచెం వెలితిగా అనిపించింది.

ఇప్పుడు నా ప్రయోగశాల బెంగళూరు మారతహళ్లిలో, మూడో అంతస్తు వరండా. ఎదురు ఫ్లాట్ అత్తది చిత్తూరు. కంటి ఆపరేషన్ అయ్యాక అక్షరాలు అల్లుకుపోతున్నాయని నాచేత చదివించుకుంటుంది. డిసెంబరు వచ్చిందంటే పేపరు పరిచి, ముందు రాత్రి నానబెట్టిన అనపగింజలు (సొరకాయవి కాదు, చిక్కుడు జాతివి) ముందేసుకుంటుంది, పితికిన పప్పు కోసం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజని నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు టప్పున గిన్నెలోకి దూకుతుంది. గురి తప్పినవి నా పుస్తకం మీద పడతాయి. మేం ఏడు భాగాల సిరీస్ ఒకటి చదువుతున్నాం. పేరు చెప్పను, చెబితే మీరు నాలుగో భాగం నుంచి మొదలుపెడతారు.

"ఎంతమంది పోయినారు నాయనా ఇంతవరకు?"

"ముగ్గురత్తా."

"కుక్క బాగుండాది గదా?"

గమనించండి. ముగ్గురు మనుషులు పోయారు, ఒకడి తల ఇంకా దొరకలేదు. పప్పు పితికే వేగం తగ్గలేదు. ఇన్‌స్పెక్టరు ఇంటి కుక్క రాత్రి ఊరికే ఒకసారి మొరిగిందని చదివానో లేదో, చేయి ఆగిపోయింది. "చూడు నాయనా, దానికేమన్నా అయితే ఆ పుస్తకం ఈడికి తేవద్దు" అంది. మనుషుల్ని ఎంతమందినైనా చంపుకునే స్వేచ్ఛ రచయితకిచ్చి, బదులుగా ఒక్క కుక్క ప్రాణం అడిగింది. ఇంతకంటే ఉదారమైన ఒప్పందం ఏ ప్రచురణకర్త ఇస్తాడు?

కుక్క తర్వాత పాఠకుడు పట్టించుకునే రెండో సంగతి భూగోళం. మా సిరీస్ రెండో భాగంలో ఇన్‌స్పెక్టరు సాయంత్రం ఆరున్నరకి బెంగళూరుకి ఉత్తరాన హెబ్బాళలో జీపెక్కి, పన్నెండు నిమిషాల్లో దక్షిణాన సిల్క్ బోర్డు దగ్గర దిగి, ఒకణ్ణి పట్టుకున్నాడు. రోజూ అదే దారిలో 500డి బస్సులో ఒంటికాలి మీద నిలబడి వెళ్ళేవాణ్ణి, నాకు రక్తం మరిగింది. శవం లేచి సాక్ష్యం చెప్పిందంటే నమ్ముతాను, ఆరున్నరకి అవుటర్ రింగ్ రోడ్డు ఖాళీగా ఉందంటే నమ్మను. అసలా దొంగని పట్టుకోవడానికి అంత తొందర దేనికి? వాడు మాత్రం ఎక్కడికి పోగలడు, వాడూ అదే ట్రాఫిక్‌లో ఉంటాడు కదా.

చట్టం సంగతొకటి. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకి శిక్ష 103వ సెక్షన్. మా రచయిత అయిదో భాగంలో బుద్ధిగా అదే రాశాడు. నిజం చెప్పాలంటే అక్కడ కథ నీరుగారిపోయింది. "నీ మీద త్రీ నాట్ టూ పెడతా" అంటే ఉన్న దడ "నూట మూడు పెడతా" అంటే ఎక్కడుంది? "జ్వరమా?" అంది అత్త. ఇక మోసం 318కి మారింది కాబట్టి ఫోర్ ట్వంటీ గాళ్ళందరూ చట్టప్రకారం మూడొందల పద్దెనిమిది గాళ్ళయ్యారు, ఆ తిట్టు నోరు తిరిగేలోగా వాడు డబ్బుతో ఉడాయిస్తాడు.

కవలల ముచ్చటా చెప్పాలి. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు ఫాదిరీ డిటెక్టివ్ కథలకి పది నియమాలు పెట్టాడు. ముందుగా సూచన ఇవ్వకుండా కవలల్ని దించకూడదని అందులో ఒకటి. ఆయన తెలుగు సినిమా ఎన్నడూ చూడలేదు. ద్విపాత్రాభినయం మీద పెరిగిన జాతికి ఎవడన్నా చచ్చాడనగానే వాడి తమ్ముడెక్కడున్నాడో చూడడం పుట్టుకతో వచ్చిన విద్య.

పాఠకుడి అసలు తూకం వేరే ఉంది, అది హంతకుడి మీద కాదు, పాత్రల మీద. కానన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలో పడేసి చేతులు దులుపుకున్నాడు. పాఠకులు ఊరుకున్నారా? ఊరుకోలేదు. 1901లో ఇది పాత కేసు లెండి అంటూ ఒకటి రాసి సముదాయించబోయాడు, కుదరలేదు. 1903లో మనిషిని బతికించి ఇంటికి పట్టుకొచ్చి అప్పగించాడు. ఆ పాఠకులే హోమ్స్ మిత్రుడు వాట్సన్‌కి తూటా 1887 నవలలో భుజానికి తగిలి 1890 నవల కల్లా కాలికెలా దిగిందని నేటికీ తగువులాడుకుంటున్నారు. ఆయన పేరు జాన్ కదా, 1891లో ఒక కథలో పెళ్ళాం జేమ్స్ అని పిలిచిందేమిటని ఆరా తీస్తున్నారు. పక్కింటి కాపురం గురించి మా వరండాలో కూడా ఇంత లోతైన విచారణ జరగలేదు. ఇక అగాథా క్రిస్టీ డిటెక్టివ్ పోయిరో అయితే 1920లో మొదటి నవలకే పోలీసు ఉద్యోగం నుంచి రిటైరైపోయి ఉన్నాడు. 1975 దాకా కేసులు తేలుస్తూనే ఉన్నాడు. పోయినప్పుడు ఆగస్టు 6న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో సంతాప వార్త వేసింది. రిటైరయ్యాక యాభై అయిదేళ్ళ సర్వీసు! పింఛను ఎంతొచ్చి ఉంటుందో లెక్కేయబోయి మానేశాను. ఆ 55 ఏళ్ళలో పోయిరో పట్టుకున్న హంతకుల్లో ఎంతమంది పేర్లు మీకు గుర్తున్నాయి? మీసం గుర్తుంది కదా?

మొన్న ఏడో భాగం అయిపోయింది. ఆఖరి అధ్యాయం గొంతు తగ్గించి, ఆగి ఆగి, హంతకుడి పేరు దగ్గర పూర్తిగా ఆపి, చదివాను. మేనల్లుడట.

"వాడా? సరేలే" అంది అత్త గిన్నెలోకి చూస్తూ. "ఆ ఇన్‌స్పెక్టరు వాళ్ళమ్మకు మోకాలి ఆపరేషన్ చేసినారా లేదా?"

"అది చెప్పలేదత్తా. ఎనిమిదో భాగంలో ఉంటుందేమో."

"అదెప్పుడొస్తాదంట?"

"ఏప్రిల్‌లో."

అత్త చేతిలో గింజ అలాగే ఉండిపోయింది. "ఏప్రిల్‌కు అనపకాయలు యాడుంటాయి నాయనా?"