శుక్రవారం విడుదల, గురువారమే అభిప్రాయం

ఎలక్ట్రానిక్, ఆంబియెంట్ (అంటే వెనకాల మెల్లగా సాగిపోయే సంగీతం), ప్రయోగాత్మక సంగీతం మీద అభిప్రాయాలు రాయడం నా వృత్తి. వృత్తి అన్నానని డబ్బులొస్తాయనుకోకండి. ప్రతి శుక్రవారం ఎక్కడెక్కడి దేశాల నుంచో కొత్త ఆల్బమ్‌లు వచ్చి పడతాయి. శనివారం పొద్దుటికల్లా వాటిలో పదింటి మీద నాకు గట్టి అభిప్రాయాలు ఉంటాయి. ఒక్కోటి గంటన్నర, కొన్నయితే ఎనిమిది గంటలు. ఈలోపు నేను అన్నం తింటాను, నిద్రపోతాను, రైతుబజారుకు వెళ్లొస్తాను. ఇదెలా కుదురుతోంది సార్ అని పాఠకులు అడుగుతుంటారు. ఏముంది, నేను వినను.

దీన్ని బద్ధకం అనేవాళ్లకు శాస్త్రం తెలియదు. ఈ సంగీతానికి ఆంబియెంట్ అని పేరు పెట్టిన ఇంగ్లండు సంగీతకారుడు బ్రయన్ ఈనో, 1978లో విమానాశ్రయాల కోసం చేసిన ఆల్బమ్‌కి తనే ముందుమాట రాసుకున్నాడు. ఇది ఎంత ఆసక్తిగా ఉండాలో, పట్టించుకోకుండా వదిలేయడానికీ అంతే వీలుగా ఉండాలని అందులో చెప్పాడు. కనిపెట్టిన పెద్దమనిషే పట్టించుకోకపోయినా ఫరవాలేదన్నాక, ఖరీదైన హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్లు మూసుకుని వినేవాణ్ణి ఏమనాలి? గురుద్రోహి అనాలి. ఈనో చెప్పినదాంట్లో ఆసక్తి సగం మిగతా విమర్శకులకు వదిలేసి, రెండో సగం నేను నిష్ఠగా పాటిస్తున్నాను.

ఈనో కంటే ముందు ఫ్రాన్స్‌లో ఎరిక్ సాటీ అనే స్వరకర్త ఉన్నాడు. గదిలో కుర్చీ, బల్ల ఎలా పడుంటాయో సంగీతమూ అలా పడుండాలని, దానికి ఫర్నిచర్ సంగీతం అని పేరు పెట్టాడు. 1920లో పారిస్‌లో ఒక నాటకం విరామంలో వాయింపించాడు. జనం లేచి అటూ ఇటూ తిరుగుతూ కబుర్లాడుకోవాలని ఆయన ఏర్పాటు. వాళ్లేమో వాద్యాలు మొదలవగానే బుద్ధిగా కూర్చుని నోరు మూసుకుని వినడం మొదలెట్టారు. మాట్లాడండి, వినకండి అని సాటీ మొత్తుకున్నా లాభం లేకపోయిందట.

పాపం, ఆయన ఆ కచేరీ ఏలూరులో ఏ కల్యాణ మండపంలోనో పెట్టుకోవలసింది. సన్నాయి మేళం మూడు గంటలు ఏకధాటిగా వాయిస్తుంది, ఒక్కడు వింటే ఒట్టు. వియ్యపురాలి పట్టుచీర ఖరీదెంత, అబ్బాయి వీసా సంగతేంటి, పనసపొట్టు కూరలో ఆవ తగ్గిందా లేదా, చర్చంతా వీటి మీదే. ముహూర్తానికి పురోహితుడు "భజంత్రీలు! భజంత్రీలు!" అని కేకేస్తే డోళ్లు ఒక్కసారిగా ఉరుముతాయి. అదైనా వినడానికా? ఆ నిమిషంలో ఎవరి తుమ్మూ, ఎవరి అపశకునపు మాటా చెవిన పడకూడదని. పెళ్లికొడుకు తండ్రిని అడిగి చూడండి. సన్నాయి ఆయన వాయించిన రాగం ఒక్కటీ చెప్పలేడు, ఆయన దగ్గర బేరమాడి తగ్గించిన రూపాయలు మాత్రం లెక్కతో సహా చెబుతాడు. పట్టించుకోకపోవడంలో మనకింత సాధన ఉంటే, యూరప్ వాళ్లు నిన్నగాక మొన్న కనిపెట్టి సిద్ధాంతాలు రాసుకుంటున్నారు.

నిద్రలోనూ మనమే ముందు. మాక్స్ రిక్టర్ అనే స్వరకర్త 2015లో ఎనిమిది గంటల పైచిలుకు సంగీతం చేసి, లండన్‌లో శ్రోతలకు మంచాలు వేసి రాత్రంతా వినిపిస్తే అదొక విప్లవం అన్నారు. మా ఊళ్లో హరిశ్చంద్ర నాటకానికి చాపలు మనమే మోసుకెళ్లేవాళ్లం. కాటిసీను పద్యానికి మా పెదనాన్న కళ్లు తెరవకుండానే "వన్స్ మోర్" అనేవాడు. రిక్టర్ కంటే ఏడాది ముందు, 2014లో, వల్ఫ్‌పెక్ అనే అమెరికా బృందం ఇంకో మెట్టు ఎక్కింది. ముప్ఫై సెకన్లు దాటితే స్పాటిఫై అనే పాటల యాప్ పాటకు డబ్బు కడుతుంది కాబట్టి, ముప్ఫై సెకన్లకు కాస్త ఎక్కువగా ఉండే పది ట్రాకులు పెట్టారు. పదీ నిశ్శబ్దమే. రాత్రి పడుకునేటప్పుడు పెట్టి వదిలేయండని అభిమానులను కోరారు. సుమారు 20,000 డాలర్లు వచ్చాక స్పాటిఫై ఆ ఆల్బమ్‌ను తీసేసింది. ఇంత నిజాయితీగల విడుదల మళ్లీ చూడలేదు నేను.

ఇక భాష. వినకపోయినా రాయవచ్చు గానీ, భాష లేకపోతే రాయలేం. ఈ సంగీతం గురించి రాయాలంటే మంచు, పొగ, శిథిలం, కాలం అనే నాలుగు మాటలు చాలు. "హిమానీనదంలా మెల్లగా కదిలే శబ్ద శిల్పం" అని నేను ఇప్పటికి ఇరవై ఆల్బమ్‌లకు రాసి ఉంటాను. హిమానీనదం నేను చూడలేదు. బెజవాడలో మే నెలలో చదివే నా పాఠకుడూ చూడలేదు. అందుకే మా మధ్య అభిప్రాయ భేదం రాదు.

ఒకే ఒక్కసారి నియమం తప్పి విన్నాను. కాలువలు, వానలు రికార్డు చేసి దానికి కాస్త మోత కలిపిన ఆల్బమ్ అది. ఆదివారం పొద్దున ఫోన్‌లో పెట్టుకుని వాలు కుర్చీలో కూర్చున్నాను. మొదట సన్నటి ధార. తర్వాత ధార లావై, ఎక్కడో రేకు మీద పడుతున్న చప్పుడు. కింద ఒక యంత్రం గురగుర. నిజంగానే ఒళ్లు పులకరించింది. నాలుగు నక్షత్రాలు వేసి, "నీరే ఇక్కడ వాద్యం" అని రాసి పంపించేశాను. అప్పుడు కింది వాటా ఆయన తలుపు బాదాడు.

"ఏమండీ, అరగంట నుంచి ట్యాంకు పొర్లిపోతోంది, మీకు వినపడట్లేదా?"

"వినపడుతోందండీ, చాలా బాగుంది" అన్నాను.

మోటారు కట్టేసి వచ్చి చూస్తే, డేటా అయిపోయి ఆల్బమ్ రెండో నిమిషంలోనే ఆగిపోయి ఉంది. సమీక్ష మాత్రం అలాగే అచ్చయింది. ఎవరూ తప్పు పట్టలేదు. ఆ కళాకారుడే నమస్కారం బొమ్మ పెట్టి పదిమందికీ పంచుకున్నాడు.

కొందరు మన దేశం సంగతేమిటంటారు. మన దేశం ఈ రంగంలో ఆదర్శం. 1952లో అమెరికా స్వరకర్త జాన్ కేజ్ నిశ్శబ్ద రచనకు పియానో ముందు నాలుగున్నర నిమిషాలు ఏమీ వాయించకుండా కూర్చున్న డేవిడ్ ట్యూడర్, 1969లో అహ్మదాబాద్ వచ్చి జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజర్ అనే, కరెంటుతో శబ్దాలు పుట్టించే వాద్యం బిగించి వెళ్లాడు. సంగీతకారిణి గీతా సారాభాయ్ లాంటివాళ్లు దాని మీద చేసిన ప్రయోగాల టేపులు దశాబ్దాల పాటు భద్రంగా ఎవరూ వినకుండా ఉండి, 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి. 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ పది రాగాలను డిస్కో దరువు మీద సింథసైజర్లతో వాయించి రికార్డు వేశాడు. అప్పుడు పట్టించుకున్న నాథుడు లేడు. 2010లో మళ్లీ విడుదల చేస్తే, షికాగో కుర్రాళ్ల కంటే ముందే ఆసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం కనిపెట్టాడని ప్రపంచమంతా అభిప్రాయాలు రాసింది. పట్టించుకోకుండా వదిలేయడానికి వీలుగా ఉండాలన్నాడు ఈనో. మనం 28 ఏళ్లు వదిలేసి చూపించాం.

ప్రస్తుతం నా బల్ల మీద ఉన్నది జర్మనీలోని హాల్బర్‌స్టాట్ చర్చి. అక్కడ ఒక ఆర్గన్ మీద, వీలైనంత నెమ్మదిగా వాయించాల్సిన కేజ్ రచన ఒకటి 2001 సెప్టెంబరు 5న మొదలుపెట్టారు. మొదటి 17 నెలలు విరామమే, ఒక్క స్వరమూ పలకలేదు. 2024 ఫిబ్రవరిలో ఒక స్వరం మారితే ఎక్కడెక్కడి నుంచో జనం వెళ్లి చూశారు. పూర్తయ్యేది 2640లో. మా ఎడిటర్‌కి గడువంటే టెన్షన్ ఎక్కువ కాబట్టి సమీక్ష నిన్ననే పంపించేశాను. మూడున్నర నక్షత్రాలు. ఆరంభం అద్భుతం, ముగింపు మాత్రం కాస్త హడావుడిగా చుట్టేశారు.