మిక్సీ మూత మీద మాస్టర్స్

విజయనగరంలో పాతికేళ్ళ కుర్రాడు ఇంజనీరు కాలేదంటే ఇంట్లోవాళ్ళని ఓదార్చడానికి వెళ్ళాలి. అలాంటి ఊళ్ళో, నాలుగేళ్ళు మెకానికల్ చదివి, మరో మూడేళ్ళు ఎవరిదో బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కి రాత్రిపూట కాపలా కాసిన మా మేనల్లుడు, పోయినేడాది కనుమ నాడు గారె తుంచి కోడికూరలో ముంచుతూ, "విదేశాల్లో డిజైన్ మాస్టర్స్ చేద్దామనుకుంటున్నాను" అన్నాడు.

మా బావ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "డిజైనంటే ఏట్రా, పెళ్ళికార్డులా?"

ఆయన వెటకారమాడలేదు. ఆయనకు తెలిసిన డిజైనర్ ఒక్కడే. గంటస్తంభం దగ్గర ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ ముందు కూర్చుని, వినాయకుణ్ణి కొంచెం ఎడమకి జరపమంటారా అని అడిగే కుర్రాడు. ఆ పనికి అప్పు చేసి అమెరికా వెళ్ళాలా అన్నది ఆయన సందేహం.

అది కాదు నాన్నా అంటూ మావాడు యూజర్ గురించీ, ఎంపతీ గురించీ పావుగంట చెప్పాడు. అంతా విని వాళ్ళ చిన్నాన్న తేల్చేశాడు. "ఇంజనీరు ఒక యంత్రం చేసీసి పోతాడు. దాన్నెలా వాడాలో తెలీక జనం తిట్టుకుంటారు. అప్పుడు వీడెళ్ళి వాళ్ళని ఓదారుస్తాడు. అంతే కదేటి?" ఈ శాస్త్రానికి ఇంతకంటే మంచి నిర్వచనం నేనైతే చదవలేదు.

ఇంత పెద్ద నిర్ణయాన్ని చదవబోయేవాడి ఇష్టానికి వదిలెయ్యడం ఉత్తరాంధ్ర సంప్రదాయం కాదు గనక ఇంట్లో ఒక కమిటీ ఏర్పడింది. బావకి ఆర్థికశాఖ. చిన్నాన్న కరెంటాఫీసులో రిటైరయ్యాడు, ఆయన కూతురు డల్లాస్‌లో ఉంది, అందుకని విదేశాంగశాఖ. పత్రికలు చదువుతానన్న అపవాదు ఉంది గనక నాకు విద్యాశాఖ. మా అక్కకి కమిటీలో చోటు లేదు. టీలు పెట్టేవాళ్ళు ఒకరుండాలి కదా.

మొట్టమొదట తేలాల్సింది డిగ్రీ పేరు. అందులో ఏం చెప్తారన్నది తీరిగ్గా చూసుకోవచ్చు. మా జిల్లాలో "అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అన్న ప్రశ్నకి "యూఎస్‌లో ఎమ్మెస్" అన్నది పూర్తి జవాబు. ఆ తరవాత ప్రశ్నలుండవు, కాఫీలే. అదే "ఎమ్‌డెస్", అంటే మాస్టర్ ఆఫ్ డిజైన్, అన్నామనుకోండి, "ఎండీయా? గుండెకా, ఎముకలకా?" అంటారు. న్యూయార్క్ పార్సన్స్‌లో డిజైన్ అండ్ టెక్నాలజీ చదివితే ఎమ్మెఫ్‌ఏ ఇస్తారు. మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్. బీటెక్ చదివిన వంశంలో ఈ మాట పైకి అనగలమా? కార్నెగీ మెలన్‌లో ఎమ్‌హెచ్‌సీఐ అని ఉంది, మనిషికీ కంప్యూటర్‌కీ మధ్య వ్యవహారం నేర్పే మాస్టర్స్. మంచి పేరున్న కోర్సేగానీ, బావ చెవికది మోటార్ల కంపెనీలా వినిపించింది. జార్జియా టెక్‌లోనూ అదే చదువు, కాకపోతే అక్కడ దాని పేరు ఎమ్మెస్-హెచ్‌సీఐ. మొదటి రెండక్షరాలూ సరిగ్గా ఉన్నాయి గనక మిగతావి చదవకుండానే ఆమోదించాం.

అయితే బావ కళ్ళు నిజంగా మెరిసింది లండన్ దగ్గర. రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్, ఇంపీరియల్ కాలేజీ కలిసి ఇన్నొవేషన్ డిజైన్ ఇంజనీరింగ్ అని నడుపుతాయి. రెండేళ్ళు చదివితే రెండు డిగ్రీలు, ఎమ్మే ఒకటి, ఎమ్మెస్సీ ఒకటి. ఆషాఢం సేల్‌లో చీరలకి తప్ప చదువుకి ఇలాంటి ఆఫర్ ఉంటుందని ఆయనకి తెలీదు. ఒకటే షరతు పెట్టాడు. ఎమ్మెస్సీ సంగతి శుభలేఖలో వెయ్యాలి, ఎమ్మే సంగతి ఇంట్లోనే ఉండిపోవాలి.

అక్షరాల తరవాత అంకెలు. అమెరికాలో ప్రతి కోర్సుకీ ఒక నంబరుంటుంది, సీఐపీ కోడ్ అంటారు. 14తో మొదలైతే ఇంజనీరింగ్, 11తో మొదలైతే కంప్యూటర్లు, 50తో మొదలైతే లలితకళలు. చదువయ్యాక ఎవరైనా 12 నెలలు ఉద్యోగం చేసుకోవచ్చు. నంబరు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు. స్క్రీన్ మీద మీట ఎక్కడ పెట్టాలన్న ఒకే పాఠాన్ని ఈ కాలేజీవాళ్ళు 11 కింద చెప్తే మూడేళ్ళు, పక్క కాలేజీవాళ్ళు 50 కింద చెప్తే ఒక్క ఏడాది. దీన్ని అర్థం చేసుకోడానికి మాలో ఎవరికీ అరగంట పట్టలేదు. చిన్నాన్నకి అర నిమిషం కూడా పట్టలేదు. "కేటగిరీ. ఇంటి మీటరుకో రేటు, షాపు మీటరుకో రేటు. లోపల పారే కరెంటు ఒకటే." ఆ రోజు నుంచి మావాడు సిలబస్‌లు చదవడం మానేసి నంబర్లు చదవడం మొదలుపెట్టాడు.

ఈ దశలోనే నేను చేసిన ఒక ఆవిష్కరణని జిల్లా చరిత్రకారులు నమోదు చేసుకోవాలని మనవి. షికాగోలో ఇలినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అని ఒకటుంది. అందులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్. జర్మనీలో బౌహౌస్ అనే ప్రసిద్ధ కళాశాలలో పాఠాలు చెప్పిన మొహోలీ-నాగీ 1937లో ‘న్యూ బౌహౌస్’ పేరుతో దాన్ని మొదలుపెట్టాడు. అసలు బౌహౌస్ వైమార్‌లో పుట్టింది 1919లో. సరిగ్గా అదే ఏడు మా ఊళ్ళో సంగీత కళాశాల పుట్టింది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. వాళ్ళది నాజీల ధాటికి 1933లో మూతపడింది. మాది ఇవాళ్టికీ నడుస్తోంది. ర్యాంకులిచ్చేవాళ్ళు ఇలాంటివి ఎందుకు లెక్కలోకి తీసుకోరో... సరే, నా గోడు ఎవడిక్కావాలి. ఇదంతా చెప్తుంటే బావ మధ్యలో ఆపాడు.

"ఆ మొదటి పేరు పొడక్షరాల్లో ఏటవుద్ది?"

ఐఐటీ అవుద్ది.

గదిలో నిశ్శబ్దం. ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ కోర్సులకి కట్టిన ఫీజులు, తెల్లవారుజామున నాలుగింటికి ట్యూషన్‌కి దింపిన స్కూటరు, ఆఖరికి రాని ర్యాంకు, అన్నీ ఆయన కళ్ళ ముందు తిరిగాయి. అక్కడ ఇచ్చేది ఎమ్‌డెస్ అని మావాడు నసిగాడు. ఫరవాలేదన్నాడు. ఐఐటీ ముందు ఎమ్మెస్ ఎంత. ఎవరైనా ఏ ఐఐటీ అని గుచ్చి గుచ్చి అడిగితే, షికాగో బ్రాంచి.

సెప్టెంబర్ దాకా ఆ ఆనందంలోనే ఉన్నాం. అప్పుడు కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్లని అమెరికా ప్రకటన వచ్చింది. చిన్నాన్న క్యాలెండర్ వెనక గుణించి, దగ్గర దగ్గర 88 లక్షలని రాసి, కింద రెండు గీతలు గీశాడు. ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్న వివరాలు వచ్చేలోపే మా కమిటీ యూరప్ చేరుకుంది.

నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ మాకు బాగా నచ్చింది. ఆ ఫ్యాకల్టీ పేరే ఇండస్ట్రియల్ డిజైన్ ఇంజనీరింగ్. ఇచ్చేది ఎమ్మెస్సీ. అంటే డిజైన్‌కి అటూ ఇటూ పోలీసు కాపలా ఉన్నట్టే. జర్మనీకి వెళ్ళాలంటే ఏడాది ఖర్చుకి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో వేసి చూపించాలి. అందులోంచి నెలకి 992 చొప్పున మనకే తిరిగిస్తారు. "మన డబ్బే మనకి ఫించనా?" అని బావ చాలాసేపు తేరుకోలేదు. స్వీడన్‌లో ఉమియోలో మంచి డిజైన్ స్కూలుంది. కానీ డిసెంబర్లో అక్కడ పగలు నాలుగున్నర గంటలే. వంటింట్లోంచి అక్క గొంతు వినబడింది. "మరి వడియాలెక్కడ ఎండుతాయిరా?" పుట్టిల్లు అరసవల్లి అయిన మనిషి అడగాల్సిన ప్రశ్నే. ఉమియో కొట్టేశాం.

ఇక్కడే చదవొచ్చు కదా అని ఎవరైనా అంటారేమోనని ముందే చెప్తున్నాను. 1958లో ఈమ్స్ దంపతులనే డిజైనర్లు అమెరికా నుంచి వచ్చి, మన చెంబుని పొగుడుతూ నివేదిక రాస్తే, దాని పుణ్యాన 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) వచ్చింది. 1969 నుంచి బొంబాయి ఐఐటీలోనూ డిజైన్ చెప్తున్నారు. అయితే అక్కడ సీటు తెచ్చుకోవాలి. బొమ్మ గియ్యమని పరీక్ష పెడతారు. విదేశాలైతే ఫీజు కట్టాలి. ఏది తేలికో మధ్యతరగతి కుటుంబానికి ఒకరు చెప్పక్కర్లేదు.

అంతా కుదిరాక పోర్ట్‌ఫోలియో అడిగారు, అంటే మనం చేసిన పనుల నమూనాలు.

ఇది మాత్రం కుట్రే. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళూ మార్కులడిగారు, అటెండెన్స్ అడిగారు, ల్యాబ్ రికార్డ్ అడిగారు. నువ్వేం చేశావురా అని ఒక్కడూ అడగలేదు. బస్ కాంప్లెక్స్ ఎదుట మేడ మీద ఒక కన్సల్టెన్సీ ఉంది. అప్లికేషన్‌కి పైసా తీసుకోరు, కమిషన్ విదేశీ యూనివర్సిటీయే ఇచ్చుకుంటుంది. అందుకే మనం పేరు కూడా వినని యూనివర్సిటీ ఏదో మన కోసమే పుట్టిందని చెప్తారు. అక్కడ పన్నెండు వేలకి పోర్ట్‌ఫోలియో ప్యాకేజీ. రైతుల యాప్ ఒకటి, మహిళా భద్రత యాప్ ఒకటి, భోజనం ఆర్డరిచ్చే యాప్‌కి కొత్త రంగులు. ముందు బ్యాచ్ పిల్లలకీ ఇవే మూడట. సముద్రాలవతల అడ్మిషన్ల కమిటీవాళ్ళు విజయనగరం జిల్లాని రైతులు, భయపడే మహిళలు, ఆకలేసిన కుర్రాళ్ళు మాత్రమే ఉండే ప్రాంతమని అనుకుంటూ ఉండాలి. ఎస్ఓపీ, అంటే ఈ చదువెందుకో చెప్పుకునే వ్యాసం, అది కూడా వాళ్ళే రాస్తారు. ప్రతి ఎస్ఓపీలోనూ పిల్లాడు చిన్నప్పుడు ఏదో ఒకటి విప్పుతాడు. రేడియో కానీ, గడియారం కానీ. మావాడికి మిక్సీ వచ్చింది. అది నిజమే కూడా. నాలుగో తరగతిలో విప్పాడు. బిగించింది మాత్రం మూడు లాంతర్ల దగ్గర మెకానిక్కు. ఆ వాక్యం ఎస్ఓపీలో లేదు.

విద్యాశాఖ హోదాలో నేనొక సలహా ఇచ్చాను. మా పైడితల్లమ్మ జాతరలో ఊరేగే సిరిమాను మీద చెయ్యరా అన్నాను. యాభై అడుగులకి పైబడిన చింతమాను, దాని కొసన పూజారి కూర్చునే ఆసనం, కింద రథం, చుట్టూ లక్షల జనం, విసిరే అరటిపళ్ళు. అలా గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరగాలి. బరువు ఎలా నిలుస్తుంది, కూర్చున్నాయనకి పట్టు ఎక్కడ, జనం ఎటు తొలుగుతారు, ఇంత డిజైను ప్రపంచంలో ఏ కాలేజీవాడికి దొరుకుతుంది?

"దాంట్లో స్క్రీన్ లేదు మావయ్యా," అన్నాడు.

చివరికి గడువు నాలుగు రోజుల్లో ఉందనగా, వేరే దారిలేక, మిక్సీ దగ్గరికే వెళ్ళాడు. ఆ సాయంత్రం నేనక్కడే ఉన్నాను. నోట్‌బుక్కు, ఫోనులో రికార్డింగు, వంటింటి గుమ్మంలో పీట. "అమ్మా, మిక్సీ వాడేటప్పుడు నీకెలా అనిపిస్తాది?"

అక్క గరిటె ఆపి వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"జ్వరం లేదమ్మా. ఇది యూజర్ ఇంటర్వ్యూ. నువ్వు చెప్తూ ఉండు, నేను మధ్యలో మాట్లాడకూడదు."

"నువ్వు ఇంట్లో ఎప్పుడు మాట్లాడావు గనక. రాసుకో."

తరవాత నలభై నిమిషాలు ఆవిడే మాట్లాడింది. మూత రబ్బరు సాగిపోయింది, అందుకని పాత తువ్వాలు మడిచి ఎడమ అరచేత్తో అదిమిపట్టాలి. నాబ్ మీద అంకెలు అరిగిపోయాయి, రెండు దగ్గర గోళ్ళరంగుతో చుక్క పెట్టుకుంది. కొబ్బరి వేస్తే మిక్సీ గట్టు మీద నడుస్తుంది, పొట్టతో ఆపాలి. స్విచ్చి పొయ్యి వెనకుంది, మంట మీంచి చెయ్యి చాపాలి. అన్నిటికంటే పెద్ద గండం కరెంటు పోయినప్పుడు. నాబ్ తిప్పడం మర్చిపోయి పక్కగదిలోకి వెళ్తే, కరెంటు రాగానే ఎవరూ లేని వంటింట్లో అదే గర్రుమని మొదలవుతుంది. ఒకసారి అల్లం వెల్లుల్లి గోడంతా పడింది. "ఆ మరక మీదేరా నువ్వు పదేళ్ళుగా కేలండర్ చూస్తన్నావు."

మావాడు లేచి కేలండర్ ఎత్తి చూశాడు. మరక ఉంది. కరెంటాఫీసు చిన్నాన్న కూడా వచ్చి చూశాడు, ఏమీ మాట్లాడలేదు.

వాడు రాత్రంతా కూర్చుని రైతుల యాప్ తీసేసి మిక్సీ పెట్టాడు. కరెంటు పోతే నాబ్ తనంతట తానే సున్నాకి తిరిగొచ్చే ఏర్పాటు ఒకటి అట్టముక్కలతో చేశాడు. ఫోటోలు తీశాడు. అందులో అక్క చెయ్యి, తువ్వాలు, గోళ్ళరంగు చుక్క ఉన్నాయి. గడువులోపు ఐదు చోట్లకి పంపాడు, మూడు 11లు, ఒక డెల్ఫ్ట్, ఒక ఐఐటీ. జవాబులు ఇంకా రాలేదు. బావ మాత్రం ఐఐటీ అని నలుగురికి చెప్పేశాడు.

ఈలోగా ఇంట్లో కొత్త ఇబ్బంది మొదలైంది. నిన్న తెల్లవారుజామున ఐదింటికి అక్క వాడి గదిలో లైటు వేసింది.

"ఒరే, లే. గ్రైండర్ సంగతి చెప్పడం మర్చిపోయాను. రాసుకో."

"అమ్మా, అది పంపీసాను కదా."

"పంపీసావా? అయితే రెండోది పంపు. ముందు పుస్తకం తియ్యి."