సవరణ: స్టిల్ట్ వేరు, సెల్లార్ వేరు

అపార్ట్‌మెంట్ పార్కింగ్ గురించిన పాత పోస్టులో "కింద ఉండే పార్కింగ్ అంతా సెల్లారే" అన్న వాక్యం తీసేశాం. స్టిల్ట్ నేలమట్టంలోనే, స్తంభాల మధ్య, గోడలు లేకుండా ఉంటుంది. సెల్లార్ పూర్తిగానో కొంతవరకో నేలలోకి దిగిన అంతస్తు. 2005 నాటి జాతీయ భవన నియమావళి ప్రకారం దాని పైకప్పు చుట్టుపక్కల నేలకన్నా కనీసం 0.9 మీటర్లు, గరిష్ఠంగా 1.2 మీటర్లు పైకి ఉండాల్సి వచ్చేది. ఆ సందులోంచి గాలి, వెలుతురు వస్తాయి. వానాకాలంలో తేడా ఇంకా బాగా తెలుస్తుంది: సెల్లార్‌లో చేరిన నీళ్లను మోటారు పెట్టి తోడాల్సిందే.

బేస్‌మెంట్ సంగతి ఇంకాస్త తిరకాసు. నియమావళిలో బేస్‌మెంట్ అన్నా సెల్లార్ అన్నా ఒకటే. మన మేస్త్రీలకు మాత్రం బేస్‌మెంట్ అంటే పునాది మీద గచ్చు మట్టం వరకు కట్టే భాగం. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి బేస్‌మెంట్ పూర్తయ్యాక లక్ష రూపాయలు ఇస్తామన్నదీ ఈ అర్థంలోనే. నేల కింద గది కట్టమని కాదు! కాంట్రాక్టరుతో అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు ఈ రెండింటిలో ఏదో స్పష్టంగా రాయించుకోండి.