వంటింటి ఫాయిల్‌తో నానోతీగలు రావు

కాకినాడ నుంచి భీమవరం దాకా విద్యార్థుల ఫోన్లలో తిరుగుతున్న సందేశం ఇది: "వంటింటి అల్యూమినియం ఫాయిల్, 9 వోల్టుల బ్యాటరీ, బోరు నీళ్లలో కలిపిన నికెల్ సల్ఫేట్ చాలు. గంటలో చిప్పులకు పనికొచ్చే, ఒకే మందం ఉన్న అయస్కాంత నానోతీగలు. అనుమానముంటే అయస్కాంతం పెట్టి చూడండి. మిగిలిన నీళ్లు కాలువలో పారబోయండి." నానోతీగలంటే వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని తీగలు. ఈ సందేశంలో నికెల్ సల్ఫేట్ మాట ఒక్కటే సరైనది.

ముందు ఫాయిల్. తీగ మందం నికెల్ చేతిలో లేదు, అచ్చు చేతిలో ఉంది. అచ్చంటే అల్యూమినా పొరలోని రంధ్రాలు. ఆమ్లంలో ముంచి కరెంటు పెడితే అల్యూమినియం రేకు మీద పెరిగే ఆక్సైడు పొర అది; ఆ రంధ్రాల్లో నికెల్ నిండితేనే తీగ. ఫాయిల్‌లోని ఇనుము, సిలికాన్ దగ్గర రంధ్రాల వరస చెదిరిపోతుంది. అద్దంలా పాలిష్ చేసిన 99.99 శాతం రేకు కావాలి. 0.3 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లంలో 40 వోల్టులు పెడితే రంధ్రానికీ రంధ్రానికీ సుమారు 100 నానోమీటర్ల దూరం వస్తుంది. 9 వోల్టులకు ఆ పొందిక రాదు. 40 పెట్టినా మొదటి పొర పైభాగం చిందరవందరే. దాన్ని గంటల తరబడి పెంచి, 60 డిగ్రీల ఫాస్ఫారిక్, క్రోమిక్ ఆమ్లాల మిశ్రమంలో కరిగించి, అడుగున మిగిలిన గుంటల మీద రెండో పొర పెంచాలి. గంటలో అయ్యే పనేనా?

ఆక్సాలిక్ ద్రావణం 15 డిగ్రీలు దాటకుండా చూడాలి. మే నెల వేడికి వదిలేస్తే కరెంటు పెరిగి రేకు మాడుతుంది. రొయ్యలకు వాడే ఐసు చుట్టూ పేర్చినా చాలు. ఐసులో ఉప్పు కలిపితే మాత్రం చుక్క కూడా లోపల పడనివ్వకండి: క్లోరైడ్ తగిలితే రేకు గుంతలు పడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ల ఉప్పు బోరు నీళ్లు పనికిరానిదీ అందుకే. డిస్టిల్డ్ నీళ్లే వాడాలి.

ఇక బ్యాటరీ. రంధ్రాల అడుగున కరెంటును అడ్డే మూతపొర ఉంటుంది. వెనక అల్యూమినియం తీసేసి, 5 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంలో ఆ మూత కరిగించి, కరెంటు అందేలా ఒక పక్క బంగారు పూత వేశాకే నికెల్ పోత, అంటే కరెంటుతో రంధ్రాల్లో నికెల్ నింపడం. ఆ పోత ద్రావణంలో లీటరుకు నికెల్ సల్ఫేట్ 300 గ్రాములు, నికెల్ క్లోరైడ్ 45, బోరిక్ ఆమ్లం 45. పీహెచ్ 4 దరిదాపుల్లో. వోల్టేజీ కొలతకు ఆధారంగా పెట్టే సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడుతో పోల్చి మైనస్ 1 వోల్టు సరిపోతుంది. నేరుగా 9 పెడితే హైడ్రోజన్ బుడగలు రంధ్రాలను మూసేస్తాయి. ఒక తీగ పైకి పొంగుతుంది, పక్కది సగంలో ఆగుతుంది. పొడవుకు లెక్క ఉంది: చదరపు సెంటీమీటరు అచ్చులో రంధ్రాలు 10 శాతం ఉంటే, 10 మైక్రాన్ల తీగలకు సుమారు 2.9 కూలంబుల విద్యుదావేశం కావాలి. 5 మిల్లీఆంపియర్ల మీద పది నిమిషాలు. ఆపడం మరిస్తే తీగలు పైన టోపీలు పెట్టుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి.

అయస్కాంతం పరీక్షా? నికెల్ ముద్దయినా అంటుకుంటుంది. తీగ మందం, పొడవు తేల్చేది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు.

కాలువ మాట మరీ దారుణం. నికెల్ మిగిలిన ఆ ఆకుపచ్చ నీళ్లు రొయ్యల చెరువుకు విషం. సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 10 దాకా పెంచి, అడుగున దిగిన నికెల్ మడ్డిని ప్రమాదకర వ్యర్థంగా అప్పగించాలి. క్రోమిక్ ఆమ్లం మిగిలితే అందులో కలపకండి, దాని సీసా వేరు.