మాట కోసం ఆగకండి, ముందు వేలు చూడండి

రెండేళ్లు నిండినా మాటలు రాలేదంటే ఇంట్లో వినిపించే మొదటి ఓదార్పు: 'వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి.' ఆ భరోసాతోనే విలువైన ఏడాది గడిచిపోతుంది. అందరి దృష్టీ నోటి మీదే. కానీ ఆటిజం (నలుగురితో కలిసే, సంభాషించే తీరులో తేడా ఉండే ఎదుగుదల సమస్య) జాడలు చాలామంది పిల్లల్లో మాటలు రావాల్సిన వయసుకు ముందే కనిపిస్తాయి.

తొమ్మిది నెలలకు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. ఏడాదికి టాటా చెప్పాలి. ఏడాదిన్నరకు, నచ్చినదాన్ని వేలితో చూపించాలి. నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది ఈ వేలే. పిట్టను చూపించిన బిడ్డ ఆ వెంటనే అమ్మ ముఖంలోకి చూస్తుంది, నువ్వూ చూశావా అన్నట్టు. మరో బిడ్డ అమ్మ మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి, ఆ చేతిని డబ్బా మూత మీద పెడుతుంది. ముఖం వంక మాత్రం చూడదు. కావాల్సింది సాధించుకుందని మనం మురిసిపోతాం. తెలివి ఉండొచ్చు, కానీ చూసిన సంతోషాన్ని పంచుకోవడమే అక్కడ లేదు. పరీక్ష చేయించాల్సింది అందుకే.

పేరు పెట్టి పిలిచే పరీక్షలోనూ పొరపాట్లు జరుగుతాయి. టీవీ, ఫోన్ ఆపేయాలి. బిడ్డకు కనబడకుండా పక్కనుంచి మామూలు గొంతుతో పిలవాలి. చప్పట్లు, గిలక్కాయ వద్దు, ముట్టుకోవద్దు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో చూడాలి. చాక్లెట్ కాగితం చప్పుడుకు పరుగెత్తుకొచ్చే బిడ్డకు వినికిడి బాగుందని తేల్చేయకూడదు. కొన్ని శబ్దాలు వినిపించి, మాటల్లోని సన్నని ధ్వనులు వినిపించకపోవచ్చు. వినికిడి పరీక్ష తప్పనిసరి. వచ్చిన మాటలు, చేసే సైగలు ఏ వయసులో పోయినా ఒక్క వారం కూడా ఆగొద్దు.

తొందరపడితే లేనిపోని ముద్ర పడుతుందని కొందరి అభ్యంతరం. నిజమే, మునివేళ్ల మీద నడిచినంత మాత్రాన, బొమ్మలు వరుసగా పేర్చినంత మాత్రాన ఆటిజం కాదు. మాటలు ఆలస్యమైన పిల్లల్లో చాలామంది అందుకుంటారు కూడా. కానీ స్క్రీనింగ్ రోగ నిర్ధారణ కాదు, ఎవరిని నిశితంగా చూడాలో చెప్పే జల్లెడ.

ఆ జల్లెడ ఉచితంగానే దొరుకుతుంది. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం రూపొందించిన ఎం-చాట్-ఆర్ అనే ప్రశ్నావళిలో 20 ప్రశ్నలు, అవును-కాదు జవాబులు. అనుమానం కలిగించే జవాబుల స్కోరు 3 నుంచి 7 ఉంటే మరిన్ని ప్రశ్నలతో సరిచూసుకోవాలి, 8 లేదా ఆపైన ఉంటే నేరుగా నిపుణుల దగ్గరికి పంపాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 18, 24 నెలల్లో ప్రతి బిడ్డకూ ఆటిజం స్క్రీనింగ్ చేయమంటోంది. టీకాకు వచ్చిన బిడ్డ బరువు, ఎత్తు, తల కొలత రాసుకునే వ్యవస్థకు, ఈ బిడ్డ వేలితో ఏమైనా చూపిస్తోందా అని అడిగే తీరిక ఎందుకుండదు? శరీరం పెరిగితే బిడ్డ పెరిగినట్టే అనుకునే వైద్యం సగం వైద్యమే. అడగకుండా వదిలేసి, ఆనక తల్లి పెంపకాన్ని తప్పుపట్టడం అన్యాయం. పెంపకం వల్ల ఆటిజం రాదు, టీకాల వల్లా రాదు.

డాక్టర్ గదిలో ఉండే పది నిమిషాల్లో బిడ్డ మామూలుగా ఉండకపోవచ్చు. పిలిచినప్పుడు, ఆడేటప్పుడు, ఏదైనా అడిగేటప్పుడు ఫోన్‌లో రెండేసి నిమిషాల వీడియోలు తీసి తీసుకెళ్లండి. 'చూద్దాం లెండి' అంటే, మళ్లీ ఎప్పుడు, ఏం చూస్తారో తేదీతో సహా రాయించుకోండి. నిర్ధారణకు నెలలు పట్టేచోట స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు అలవాటు చేసే ఆక్యుపేషనల్ థెరపీ ఈలోగానే మొదలుపెట్టమని అడగండి. వాటికి ఆటిజం అన్న కాగితం చేతికి రానక్కర్లేదు.