గీజరు పంచాయితీ

(బాత్రూంలో తమ్ముడు మల్టీమీటరు పట్టుకుని స్టూలెక్కాడు. గీజరు అడుగు మూత విప్పి ఉంది. గుమ్మంలో అక్క, భుజాన తువ్వాలు.)

అక్క: ఒరేయ్, నీళ్లు ఇవ్వాళ కాగుతాయా, నేను ముసలిదాన్నయ్యాక కాగుతాయా?

తమ్ముడు: ఆ రెండోది జరిగిపోయింది కదక్కా. మొదటిదాని సంగతే చూస్తున్నా.

అక్క: వెటకారమొకటి! కొత్త గీజరు కొనేద్దాం, పీడా పోతుంది.

తమ్ముడు: పోయింది నీళ్లు కాచే ఎలిమెంటు ఒక్కటే. పన్ను పుచ్చితే తలకాయ మారుస్తామా?

అక్క: నీ విషయంలో ఆలోచించొచ్చు. అయినా ఎలిమెంటే పోయిందని కలొచ్చిందా?

తమ్ముడు: కలెందుకు, లెక్కుంది. 2000 వాట్ల ఎలిమెంటు, 230 వోల్టుల కరెంటు. మీటరు దాని నిరోధం 26 ఓములు చూపించాలి. అసలేమీ చూపించట్లేదు. అంటే లోపల తీగ తెగింది.

అక్క: లేదా నీ మీటరులో బ్యాటరీ అయిపోయింది.

(తమ్ముడు మీటరు మొనలు రెండూ ఒకదానికొకటి తాకిస్తాడు. బీప్ మంటుంది.)

తమ్ముడు: విన్నావా?

అక్క: విన్నాన్లే. మెయిన్ దించావా, లేదా?

తమ్ముడు: దించే ఎక్కాను.

అక్క: అందుకా నా సీరియల్ మధ్యలో ఆగింది! గీజరుది ఒక్కటీ దించొచ్చుగా?

తమ్ముడు: ఏ స్విచ్ దేనిదో ఎవరూ రాసిపెట్టలేదు. రిస్కెందుకని అన్నీ దించా.

అక్క: సరే, కొత్త ఎలిమెంటు వేస్తే అదీ పోదని ఏంటి నమ్మకం?

తమ్ముడు: నీళ్లలో సున్నం ఎక్కువక్కా. ఎలిమెంటు చుట్టూ పెచ్చు కట్టేసుంటుంది. వేడి నీళ్లలోకి సరిగ్గా పోక, అది తనలో తానే మాడిపోయింది. అప్పుడప్పుడూ పెచ్చు గీకిస్తే చాలు. చిటపటమని చప్పుడొస్తోందని అప్పుడే అన్నాగా?

అక్క: అన్నది నేను. పాత వస్తువులు మాట్లాడతాయక్కా అని నవ్వింది నువ్వు.

తమ్ముడు: ...పనిలో పనిగా ఆనోడ్ రాడ్డు కూడా మారుద్దాం. మెగ్నీషియం కడ్డీ. ట్యాంకుకి తుప్పు పట్టకుండా తాను అరిగిపోతుంది, పాపం.

అక్క: అంటే నేనే. అద్దం పగలగొట్టింది నువ్వు, దెబ్బలు తిన్నది నేను.

తమ్ముడు: చిన్నప్పటి అద్దం ఇప్పుడెందుకే!

అక్క: ఇంతకుముందు ఆ కడ్డీ ఎప్పుడు మార్చావు?

తమ్ముడు: మార్చలేదు.

అక్క: అసలు అలాంటిదొకటి ఉందని నీకెప్పుడు తెలిసింది?

తమ్ముడు: నిన్న.

అక్క: భేష్. అది ఎప్పుడో అరిగిపోయుంటుంది. తర్వాత వంతు ట్యాంకుదే.

తమ్ముడు: ట్యాంకు కారితే నేనే కొత్తది కొంటా. దానికి అతుకులు పనికిరావు, లోపల ప్రెషరుంటుంది. కానీ కారట్లేదుగా!

అక్క: మరి బకెట్లో పడుతున్న ఆ చుక్కలో?

తమ్ముడు: అది సేఫ్టీ వాల్వు. కాగే నీళ్లు వ్యాకోచిస్తాయి, ఆ ఎక్కువైంది కాస్త బయటికి వదులుతుంది. దాని ఉద్యోగమే అది.

అక్క: నీళ్లు కాగి మూడు రోజులైంది కదరా. ఇంకా ఏ ఉద్యోగం చేస్తోందది? ఓవర్‌టైమా?

(తమ్ముడు టార్చి వేస్తాడు. వాల్వు తుడిచి చూస్తాడు. వేలితో ఇంకెక్కడో తడుముతాడు. చాలాసేపు మాట్లాడడు.)

అక్క: ఏమైంది, నువ్వు కూడా ట్రిప్పయ్యావా?

తమ్ముడు: వాల్వు పొడిగానే ఉంది. అతుకు దగ్గర రబ్బరు గ్యాస్కెట్టేమో అనుకున్నా, అదీ పొడిగానే ఉంది. ట్యాంకు చుట్టూ ఉన్న ఫోములోంచి ఎర్రనీళ్లు ఊరుతున్నాయి.

అక్క: అంటే?

తమ్ముడు: ట్యాంకే.

అక్క: సరిగ్గా వినపడలేదు, గట్టిగా చెప్పు.

తమ్ముడు: ట్యాంకు పోయిందే తల్లీ! కొత్తది కొందాం. వేడిని అదుపు చేసే ఈ థర్మోస్టాట్ మాత్రం విప్పి దాచుకుంటా.

అక్క: దేనికి?

తమ్ముడు: కొత్తది పాడైతే పనికొస్తుంది.

అక్క: కొనకముందే దాని చావు కోరుతున్నావేంట్రా! ముందిది చెప్పు, కొత్తదాని కడ్డీ ఏడాదికోసారి విప్పించి చూసే పూచీ ఎవరిది?

తమ్ముడు: నాదే.

అక్క: కాగితం మీద రాసివ్వు.

తమ్ముడు: నామీద ఆమాత్రం నమ్మకం లేదా?

అక్క: అద్దం పగిలినప్పుడూ ఇదే మాటన్నావు.